పక్క రాష్ట్రంలో డీజిల్ ఎందుకు చవక? మీ ఎకరం సేద్యానికి పడే తేడా ఎంత?

హిందూపురం, మడకశిర, పలమనేరు వైపు రైతులకు ఈ సంగతి కొత్త కాదు. సరిహద్దు దాటి కర్ణాటక బంకులో డీజిల్ కొట్టిస్తే లీటరుకు ఐదారు రూపాయలు మిగులుతాయి. గద్వాల నుంచి రాయచూరు వైపు వెళ్లేవారికీ దాదాపు అంతే. కాకినాడ దగ్గర యానాంలోకి అడుగుపెడితే ఇంకా తక్కువ, ఎందుకంటే అది పుదుచ్చేరి పరిధిలో ఉంది. అమ్మేది అవే కంపెనీలు, వచ్చేది అదే డీజిల్. మరి తేడా ఎక్కడ పడుతోంది?

ముందు రాష్ట్ర పన్ను వేయకముందు ధర చూద్దాం. ముడి చమురు, శుద్ధి ఖర్చు, రవాణా, కేంద్ర ఎక్సైజ్ సుంకం, బంకు కమీషన్ అన్నీ కలిపి లీటరు సుమారు 75 రూపాయలు అనుకోండి. 2025 మధ్యలో ఉన్న ధరలకు ఇది దగ్గరి లెక్కే. ఇక్కడి వరకు ఏ రాష్ట్రంలోనైనా పెద్ద తేడా ఉండదు. డిపో నుంచి దూరాన్ని బట్టి రూపాయో, రెండు రూపాయలో మారుతుంది. ఒకే రాష్ట్రంలో ఒక్కో జిల్లాలో ఒక్కో ధర కనిపించడానికి కారణం ఆ రవాణా ఖర్చే.

ఆ 75 మీద రాష్ట్రాలు వేసే పన్ను చూడండి. రేట్లు 2025 మధ్య నాటివి. తెలంగాణలో వ్యాట్ 27 శాతం, అంటే 20 రూపాయల 25 పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం. వినడానికి తెలంగాణ కంటే తక్కువే. కానీ దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అన్నీ కలిపితే 21 రూపాయల 70 పైసల దాకా వస్తుంది. శాతం తక్కువగా ఉన్న రాష్ట్రంలోనే పన్ను ఎక్కువ పడుతోందన్నమాట. కర్ణాటకలో 21.17 శాతం, సుమారు 15 రూపాయల 90 పైసలు. ఒడిశాలో 24 శాతం, 18 రూపాయలు. తమిళనాడులో 11 శాతమే అంటారు గానీ దాంతో పాటు లీటరుకు 9 రూపాయల 62 పైసలు కలుపుతారు. మొత్తం 18 రూపాయలకు కాస్త తక్కువ.

కాబట్టి ఎవరైనా "ఫలానా రాష్ట్రంలో వ్యాట్ ఇంత శాతమే" అంటే, లీటరు మీద విడిగా ఎంత వేస్తున్నారో కూడా అడగండి. రెండు రకాల పన్నుకూ తేడా ఉంది. శాతం లెక్కలో వేసేది ధరతో పాటు పెరుగుతుంది. కంపెనీలు 10 రూపాయలు పెంచితే తెలంగాణ ఖజానాకు రేటు మార్చకుండానే లీటరుకు మరో 2 రూపాయల 70 పైసలు వస్తాయి. లీటరు లెక్కన వేసే ఆంధ్ర పన్ను పెరగదు, కానీ చమురు ఎంత చవకైనా ఆ 5 రూపాయలు తగ్గవు.

కేంద్రం వాటా అన్ని రాష్ట్రాల్లో ఒకటే. 2025 ఏప్రిల్‌లో 2 రూపాయలు పెంచాక డీజిల్ మీద ఎక్సైజ్ లీటరుకు 17 రూపాయల 80 పైసలు అయింది. అందులో 4 రూపాయలు వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు. 2021 బడ్జెట్‌లో మొదలైంది. వ్యవసాయం పేరుతో వేసిన ఈ సెస్సును ట్రాక్టరులో డీజిల్ పోసే రైతూ కడుతున్నాడు.

ఈ తేడాలు స్థిరంగా ఉండవు. 2021 నవంబరులో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ 10 రూపాయలు తగ్గించినప్పుడు కర్ణాటక తన పన్నునూ బాగా తగ్గించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ తగ్గించలేదు. తర్వాత కర్ణాటక 2024 జూన్‌లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి పెంచింది. సరిహద్దు రైతులకు ఒకప్పుడు మిగిలినంత ఇప్పుడు మిగలకపోవడానికి అదే కారణం.

జీఎస్టీలోకి తెస్తే దేశమంతా ఒకే పన్ను అవుతుంది కదా అని చాలామంది అడుగుతారు. నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. డీజిల్ మాత్రం 2017 నుంచీ జీఎస్టీ బయటే ఉంది. రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగల పెద్ద ఆదాయం ఇది. అంత తేలిగ్గా వదులుకుంటాయని ఆశ పెట్టుకోకండి.

రైతుకు ఇందులో అసలు ఇబ్బంది వేరే ఉంది. సాధారణ రకం వరికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. రాయచూరులోనూ అంతే, కర్నూలులోనూ అంతే. అమ్మే ధర ఒకటే, కొనే డీజిల్ ధర వేరు.

ఎకరానికి ఎంత పడుతుంది?

నేలను, లోతును బట్టి ఎకరం ఒకసారి రోటావేటరు వేస్తే సుమారు 5 నుంచి 7 లీటర్లు తాగుతుంది. 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజను గంటకు దాదాపు లీటరు తాగుతుంది. దుక్కులు, దమ్ము, కోత అన్నీ కలిపి వరి ఎకరాకు 25 లీటర్లు అనుకుంటే, కర్ణాటకకూ ఆంధ్రకూ ఉన్న తేడా ఎకరాకు 145 రూపాయలు. మూడెకరాల రైతుకు పంటకు 435. చిన్న మొత్తమే, కానీ అది పన్ను తేడా ఒక్కటే.

మన రైతుల్లో ఎక్కువమంది డీజిల్ నేరుగా కొనరు, అద్దె రూపంలో కడతారు. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ. డీజిల్ 3 రూపాయలు పెరిగితే రోటావేటరు ఖర్చు ఎకరాకు 15 నుంచి 21 రూపాయలే పెరుగుతుంది. "డీజిల్ పెరిగింది" అని 200 పెంచితే మిగతాది డీజిల్ కాదు. డ్రైవరు బత్తా, విడిభాగాలు, ఫైనాన్స్ వాయిదా కావచ్చు. అవి న్యాయమైన ఖర్చులే, కానీ వాటిని ఆ పేరుతోనే అడగమనండి. 2022 మేలో ఎక్సైజ్ తగ్గి హైదరాబాదులో డీజిల్ ఏడు రూపాయలకు పైగా దిగింది. మీ ఊళ్లో అప్పుడు అద్దె ఎంత దిగిందో గుర్తుచేసుకోండి.

అద్దె మాట్లాడేటప్పుడు రెండు రేట్లు అడగండి: డీజిల్‌తో ఎంత, డీజిల్ మనమే పోస్తే ఎంత. ఆ తేడాను ఆ రోజు బంకు ధరతో భాగిస్తే యజమాని ఎకరాకు ఎన్ని లీటర్లు లెక్క వేస్తున్నాడో బయటపడుతుంది. అది 10 లీటర్లు దాటితే డీజిల్ మీరే పోయించుకోవడం మేలు. పనికి ముందు ట్యాంకు నిండా కొట్టించి, పని అయ్యాక మళ్లీ నిండా కొట్టించండి. రెండోసారి పట్టినదే మీ పొలం తాగిన డీజిల్. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే రోజు పని పెట్టుకుంటే బేరం ఇంకా తేలిక. దగ్గర్లో కస్టమ్ హైరింగ్ సెంటర్ ఉంటే ముందు అక్కడి రేటు కనుక్కుని మాట్లాడండి.

సరిహద్దు దాటి వెళ్లే విషయం. 40 లీటర్లకు మిగిలేది 230 రూపాయలు. రాను పోను 30 కిలోమీటర్లు ట్రాక్టరు నడిపితే ఆ డబ్బంతా, దానిపైన కొంత కూడా దారిలోనే తాగేస్తుంది. ఎలాగూ ఆ వైపు పని ఉంటే నింపుకోండి, పనిగట్టుకుని వెళ్లొద్దు. డ్రమ్ముల్లో తెచ్చి ఊళ్లో నలుగురికీ అమ్మడం మాత్రం నేరం. ఇంట్లో డీజిల్ పెట్టుకోవాల్సి వస్తే గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో, పొయ్యికి, గడ్డివాముకు దూరంగా పెట్టండి. నీళ్లకు వాడే ప్లాస్టిక్ క్యాన్లలో వద్దు.