ఎవరి తాలూకు?

ఎచ్చెర్ల అంటే అంబేడ్కర్ పేరు పెట్టుకున్న యూనివర్సిటీ ఉన్న ఊరు. అక్కడ ఇంటి ముందు గదిలోనే నడిపే ఓ చిన్న మెస్సు. నాలుగు బల్లలు. ఆయన వండుతాడు, ఆవిడ వడ్డిస్తుంది. నెత్తళ్ళ పులుసు అమృతం, అబద్ధమెందుకు! వడ్డిస్తూ ఆవిడ ఆప్యాయంగానే అడిగింది: "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు?"

మన శ్రీకాకుళంలో ఈ ప్రశ్నకి అర్థం ఏటో మీకు చెప్పాలా? పేట పేరు చెప్పాను. ఆ తర్వాత పులుసు గిన్నె మా బల్ల వైపు రాలేదు.

హోటల్లో అందరికీ పెట్టిన గ్లాసులు, గిన్నెలు అంటరానితనం పేరుతో వాడుకోనివ్వకపోతే నేరమని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ చెప్తోంది. రెండు గ్లాసులు పెడితే కేసు పెట్టొచ్చు. రాని గరిటె మీద ఏం కేసు పెడతాం?

సుషీ తినే జపాన్‌లోనూ ఈ రోగం ఉంది. తోలు పని, పశువధ చేసినవాళ్ళ వారసులుగా ముద్రపడ్డ బురాకుమిన్లకి రంగులో, భాషలో తేడా లేదు. ఊరి పేరే ఆనవాలు. ఆ ఊళ్ళ జాబితాలను కంపెనీలు గుట్టుగా కొనుక్కుని ఉద్యోగాలు ఇవ్వకుండా వడకట్టిన సంగతి 1975లో బయటపడింది. మనకి జాబితా కూడా అక్కర్లేదు.

"చిన్న హోటలు, బతకనీ అన్నా" అన్నాడు పక్కనున్న తమ్ముడు. బతకాలనే నేనూ కోరేది. హాస్టల్లో సీటు రాని మన పిల్లలకి అలాంటి నాలుగు బల్లలే దిక్కు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాను. పులుసు అడిగి మరీ వేయించుకుంటాను.