తేదీలు ముందే చెప్పండి

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకుల గారికి,

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏ ఆట, ఏ పాట ఎప్పుడుందో మాకు చాలాసార్లు మర్నాటి పేపర్లో ఫొటో చూశాకే తెలుస్తోంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర, దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారి. పంచాంగం చూసి ఏడాది ముందే చెప్పగల తేదీలివి.

దండారి అంటే వేదిక మీద ఐదు నిమిషాల స్వాగత నృత్యం కాదు. ఒక గూడెం దండు ఇంకో గూడేనికి అతిథిగా వెళ్తుంది. తలపై నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర. ఈ వేషం కట్టిన గుస్సాడీలు అడుగేస్తే గజ్జెలు, గుమేల, పెప్రె వాద్యాలు ఒక్కటై మోగుతాయి. మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఈ ఆటను ఎందరికో నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆయన శిష్యులు ఎక్కడ ఆడుతున్నారో కరీంనగర్ పిల్లలకు తెలియాలి కదా!

ఒగ్గు కథ సంగతీ అంతే. ఒగ్గు కథకుడు మిద్దె రాములు గారి నేల ఇది. డోలు వేడెక్కి మల్లన్న కథ ఊపందుకునేసరికే చాలా రాత్రవుతుంది. దాన్ని పావుగంటకు కుదించకండి.

మూడు నెలలకోసారి కార్యక్రమాల పట్టిక అచ్చు వేయించి బస్టాండ్లలో, గ్రంథాలయాల్లో, గ్రామ పంచాయతీల్లో అంటించండి. గూడేలకు వచ్చే చూపరులు పాటించాల్సిన నియమాలు పెద్దలనడిగి అందులోనే రాయండి. కరీంనగర్ కళాభారతిలో నెలకో రాత్రి పూర్తి ఒగ్గు కథకు ఇవ్వండి. కళాకారుల పారితోషికం, దారి ఖర్చులు ఆ రోజే వాళ్ల చేతికి అందాలి.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక కళాభిమాని