శిక్షణ ఫలితం తేలేది తరగతి గదిలోనే

మదనపల్లె: ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం ఒక ఎత్తు, అది పిల్లల చదువుకు ఎంతవరకు అక్కరకు వచ్చిందో తేల్చడం మరో ఎత్తు. ఎంతమంది హాజరయ్యారో రిజిస్టరు చెబుతుంది. ఎంతమంది పిల్లలకు కూడికలు, తీసివేతలు వచ్చాయో చెప్పాలంటే పాఠశాలలే పరిశోధనకు తలుపులు తెరవాలి.

బోధనలో ప్రయోగాలు పడమటి మండలాలకు కొత్త కాదు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి స్థాయిలో వారు నేర్చుకునే పద్ధతిని కురబలకోట మండలంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం రూపొందించింది. 1995లో కర్ణాటకలోని హెచ్.డి.కోట తాలూకా ఉపాధ్యాయులు దీన్ని చూసి వెళ్లాక అక్కడ ‘నలి కలి’ రూపుదిద్దుకుంది. ఆ తరువాత తమిళనాడు కూడా ఇదే బాట పట్టింది. కుప్పం సమీపంలోని అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం సైన్స్ ప్రయోగాల్లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. అయితే వచ్చి చూసి వెళ్లడం వేరు, పాఠశాల అధ్యయనంలో భాగస్వామి కావడం వేరు.

లాటరీ ఎందుకు?

ఈ తేడాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన అధ్యయనమే నిదర్శనం. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల తోడ్పాటుతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని నిర్వహించారు. 5 జిల్లాల్లోని 50 మండలాల నుంచి మండలానికి 10 చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో కొన్నింటికి మార్కుల మెరుగుదలను బట్టి బోనస్, కొన్నింటికి అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, కొన్నింటికి గ్రాంటు కేటాయించి, 100 పాఠశాలలను పోలిక కోసం ఉంచారు.

ఉత్సాహవంతుడైన ప్రధానోపాధ్యాయుడు ముందుకొచ్చిన బడినే ఎంచుకుంటే ఫలితం పథకానిదో, ఆయన పట్టుదలదో తేలదు. అందుకే లాటరీ. ఏ లబ్ధీ దక్కని పోలిక పాఠశాల లేనిదే అధ్యయనం లేదు.

చూసేవారు ఉన్నంతసేపే

ఇదే అధ్యయనంలో మరో పాఠం ఉంది. పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో తెలిపే నివేదికలు, బోధనకు సూచనలు ఉపాధ్యాయులకు అందించారు. పరిశీలకులు వచ్చినప్పుడు వారు చురుగ్గా బోధిస్తూ కనిపించారు. కానీ ఏడాది చివరి పరీక్షల్లో, నివేదికలు అందని పాఠశాలల పిల్లలకంటే ఆ పిల్లలు మెరుగు కాలేదు. బోనస్ ఉన్న పాఠశాలల్లో మాత్రం మార్కులు పెరిగాయి. ఎక్కువ శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ప్రయోజనం కూడా అక్కడే కనిపించింది. శిక్షణ వృథా అని దీని అర్థం కాదు. దాన్ని రోజూ ఆచరణలో పెట్టే కారణం కూడా ఉండాలన్నదే సారాంశం.

కనుక అధ్యయనంలో చేరే బడి పరిశీలకుల కోసం ప్రత్యేక పాఠం సిద్ధం చేస్తే నష్టపోయేది ఆ బడి పిల్లలే. పరీక్ష రోజు బాగా చదివే పిల్లలను ముందు కూర్చోబెట్టినా, వెనుకబడిన వారిని ఇంటివద్దే ఉండమన్నా తప్పుడు లెక్కే తేలుతుంది. ఆ లెక్కపైనే రేపటి శిక్షణ నిర్ణయమవుతుంది.

బడికి దక్కేదేమిటి?

పరిశోధకులకూ బాధ్యత ఉంది. ఒకరిద్దరే ఉపాధ్యాయులున్న బడి నుంచి ఒకరు శిక్షణకు వెళితే తరగతులు కుంటుపడతాయి. ఆ రోజులకు ప్రత్యామ్నాయం ముందే చూపాలి. ఇది తనిఖీ కాదని, పేర్లు బయటపెట్టబోమని ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు తెలుగులో వివరించి సమ్మతి పొందాలి. మేలని తేలిన శిక్షణను పోలిక పాఠశాలలకూ అందించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫలితాలు విదేశీ పత్రికలకే పరిమితం కాకూడదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఏ బడి తన సమయాన్ని, పిల్లల జవాబు పత్రాలను ఇచ్చినా, ఏం తేలిందో ఆ బడి యాజమాన్య కమిటీ ముందు చదివి వినిపించాలి. అప్పుడే రెండోసారి అడిగినా ఆ బడి తలుపు తెరుచుకుంటుంది.