దీవులకు వేరే తూకమా?



హైదరాబాదులో డబ్బాలో వేసిన మామూలు ఉత్తరం సికింద్రాబాదుకు చేరవలసినదైనా, గ్రేట్ నికోబార్ దీవిలోని కాంప్‌బెల్ బేకు చేరవలసినదైనా, దానిపై అంటించే తపాలా బిళ్ళ వెల ఒక్కటే. సముద్రం దాటించినందుకు అదనపు రుసుము అడిగే ఆచారం మన శాఖలో లేదు. ఆదాయం చాలని శాఖామార్గాలపై రైళ్లు నడపడం కూడా ఈ న్యాయాన్ని అనుసరించియే. సేవ అన్నది జనసంఖ్యను బట్టి తూచి పంచే సరుకు కాదని మన రెండు శాఖల కార్మికులూ నిత్యం ఆచరణలో చాటుతున్నారు. మరి వైద్యం వద్దకు వచ్చేసరికి ఈ న్యాయం ఎందుకు తలక్రిందులు కావలెను? అండమాన్ నికోబార్ దీవులను దృష్టియందుంచుకొని మేము ఈ ప్రశ్న వేస్తున్నాము.

2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా సుమారు 3,80,000. అందులో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. “ఇంత కొద్దిమందికి ఎం.ఆర్.ఐ. వంటి ఖరీదైన పరికరాలు దండుగ, కావలసినవారు చెన్నైకో కలకత్తాకో పోవచ్చును గదా” అనే వాదన ఒకటి ఉన్నది. శ్రీ విజయ పురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నుండి చెన్నై దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణం సుమారు మూడు రోజులు. విమానమెక్కవలెనన్న టిక్కెట్టు ధరా భరించవలెను, వాతావరణమూ అనుకూలించవలెను. రాజధానిలోనే యంత్రం ఉన్నదనుకొన్నా, కాంప్‌బెల్ బే నుండి అక్కడికి 500 కిలోమీటర్లకు పైబడిన సముద్రం.

ఎం.ఆర్.ఐ. విలాసవస్తువు కాదు. మన దేహంలో అధికభాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉన్నది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన హైడ్రోజన్ కేంద్రకాలకు తగిన రేడియో తరంగం తాకితే, అవి తిరిగి స్వస్థితికి వచ్చునప్పుడు సన్నని సంకేతాన్ని వెలువరిస్తవి. ఆ సంకేతాలతో దేహాంతర్భాగాల చిత్రం గీయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపగా, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతికి వేగం సమకూర్చాడు. వారిరువురికీ 2003లో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో ఎక్స్‌రే కిరణాల ప్రసక్తి లేదు.

బరువులెత్తే ట్రాక్‌మన్‌కు, సంచి మోసే పోస్ట్‌మన్‌కు నడుము పట్టివేసినప్పుడు, డిస్కు జారి నరాన్ని నొక్కుతున్నదో లేదో ఎక్స్‌రే చూపజాలదు, ఎం.ఆర్.ఐ. చూపగలదు. పక్షవాతంలో ముందుగా సి.టి. తీయడం సబబే. కాని రక్తం అందక చెడుతున్న మెదడు భాగాన్ని తొలి గంటలలోనే పట్టగలిగేది డిఫ్యూజన్ అనే ఎం.ఆర్.ఐ. పద్ధతి. గడ్డను కరిగించే మందు సామాన్యంగా నాలుగున్నర గంటలలోపు పడవలెను. నిద్రలో పక్షవాతం సోకి, అది ఎప్పుడు మొదలైనదో తెలియని రోగులలో ఆ మందు ఎవరికి ఇవ్వవచ్చునో ఎం.ఆర్.ఐ. తేల్చగలదని 2018లో ప్రచురితమైన ఐరోపా పరిశోధన నిరూపించింది. నాలుగున్నర గంటల గడువుకూ మూడు రోజుల ఓడ ప్రయాణానికీ పొత్తు ఎక్కడ?

యంత్రం కొని, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగినంతనే పని ముగియదు. 1.5 టెస్లా అయస్కాంతం బలం భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. దాని తీగచుట్లను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల వద్ద ఉంచవలెను. 2018లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి పోయిన వ్యక్తిని యంత్రం లాగివేయగా అతని ప్రాణం పోయింది. ఇటువంటి యంత్రం వద్ద శిక్షణ పొందిన స్థిర ఉద్యోగులుండవలెను గాని, ఆరు నెలల కాంట్రాక్టుపై వచ్చిపోయేవారు కాదు.

ఇక నిబంధనల సంగతి. సి.జి.హెచ్.ఎస్. లేని చోట తపాలా ఉద్యోగికి 1944 నాటి వైద్య సహాయ నియమాలే దిక్కు. గ్రామీణ డాక్ సేవకునికి ఆ దిక్కు సైతం లేదు. అటువంటి చోట పింఛనుదారునికి 2017లో నిర్ణయించిన వైద్య భత్యం నెలకు 1,000 రూపాయలు. దానితో స్కానింగు మాట అటుంచి, రేవు దాటడమెట్లు?

సాధనాలు లేవనడం చెల్లదు. చెన్నై నుండి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. తీసిన చిత్రాన్ని చెన్నైలోని నిపుణుడు క్షణాలలో చూడవచ్చును. మామూలు విద్యుత్ ప్లగ్గుతో పనిచేసి, రోగి మంచం వద్దకే దొర్లించుకొని పోగల 0.064 టెస్లా చిన్న యంత్రానికి 2020లోనే అమెరికాలో అనుమతి లభించింది. దాని చిత్రం పెద్ద యంత్రపు చిత్రమంత స్పష్టం కాదు. అయినను మారుమూల దీవిలో, ఏమీ లేనిచోట అదే గొప్ప మేలు.

కనుక మేము కోరేది ఇది: దీవులలో ఎం.ఆర్.ఐ. సేవ నిరంతరాయంగా నడిచేందుకు స్థిరమైన నియామకాలు జరగవలెను. ప్రధాన భూభాగానికి పోక తప్పని రోగికి, అతని సహాయకునికి ప్రయాణ వ్యయం ముందుగానే చెల్లించవలెను. గ్రామీణ డాక్ సేవకులకు ఈ హక్కు సమానంగా వర్తించవలెను.

అండమాన్‌లో రైలు పట్టా లేదు గదా, మనకేమి అని ఏ రైల్వే సోదరుడూ అనుకోరాదు. నేడు దీవులకు వర్తించే లెక్క రేపు మారుమూల స్టేషనులోని గ్యాంగు క్వార్టర్లకూ వర్తించగలదు. తపాలా బిళ్ళకు ఒకే వెల పెట్టిన దేశం, మనిషి ప్రాణానికి రెండు వెలలు కట్టరాదు!