‘చికెన్ అవుట్’ అనగా భయపడుటేనా?

ఆంగ్లభాషలో క్రియకు చిన్నమాట ఒకటి జత కూడగానే అర్థమంతా మారిపోవడం మన విద్యార్థులకు పెద్ద చిక్కుగా ఉన్నది. ‘చికెన్ అవుట్’ అటువంటి పదబంధమే. దీనికి ‘భయపడు’ అని అర్థం వ్రాసుకొని కంఠస్థం చేసేవారున్నారు. అది సగం అర్థం మాత్రమే. మిగిలిన సగంలోనే దీని ప్రాణమున్నదని నా అభిప్రాయం.

తెలుగువానికి మొదటి సందేహం కోడితోనే వస్తుంది. పల్నాటి వీరగాథలో కోడిపోరు కారెంపూడి యుద్ధానికే దారితీసింది. సంక్రాంతి బరిలో పుంజు పౌరుషానికి మారుపేరు. అటువంటి కోడి పిరికిదెట్లా అయినది? ఆంగ్లేయుల ‘చికెన్’ మొదట పుంజు కాదు, కోడిపిల్ల. షేక్స్పియర్ ‘సింబెలీన్’ నాటకంలో యుద్ధభూమి నుండి పరుగెత్తే సైనికులను కోడిపిల్లలతోనే పోల్చినాడు. దానికి ‘అవుట్’ చేర్చి క్రియగా వాడడం మాత్రం 20వ శతాబ్దపు అమెరికనుల చలవ. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇది వింతగా తోచనక్కరలేదు. పారసీకం నుండి వచ్చిన ‘బుజ్‌దిల్’ అన్న మాటను విడదీసి చూస్తే ‘మేకగుండె’ అని తేలుతుంది. మనిషి తన పిరికితనాన్ని ఎక్కడైనా మూగజీవుల నెత్తినే రుద్దినాడు!

కీలకం ‘అవుట్’లో ఉన్నది. ఒప్పుకొన్న పని నుండి, తీరా సమయం వచ్చేసరికి, జంకి తొలగిపోవడమే దీని భావం. వక్తృత్వపు పోటీకి పేరిచ్చి, వేదిక మీదికి పిలవగానే వెనుక ద్వారం గుండా జారుకొన్నవాడు ‘చికెన్ అవుట్’ అయినాడు. పేరే ఇవ్వనివాడు భయస్థుడు కావచ్చు గాని, ఈ మాట అతనికి తగదు. మన ‘వెనుకంజ వేయు’ దీనికి చాలా దగ్గర. ముందుకు అడుగు పడితేనే గదా వెనుకకు అడుగు! ఇది మిత్రుల నడుమ చెల్లే మాట. దరఖాస్తులలో వ్రాయరాదు.

ఈ మాటకు ఒక ప్రమాదకరమైన ఉపయోగం కూడ ఉన్నది. ‘చికెన్’ అనే పందెంలో ఇద్దరు కార్లను ఎదురెదురుగా నడుపుతారు. ముందు ప్రక్కకు తప్పుకొన్నవాడు పిరికివాడు. బెర్ట్రాండ్ రస్సెల్ 1959లో అగ్రరాజ్యాల అణ్వస్త్ర బెదిరింపులను ఈ పందెంతోనే పోల్చినాడు. ఇందులో ప్రాణం కాపాడుకొన్నవానిని, ఎదుటివానిని కూడ కాపాడినవానిని, పిరికివాడనడం ఏపాటి న్యాయం? ఈత రానివానిని చెరువులో దూకమని రెచ్చగొట్టే స్నేహితులు విసిరేదీ ఇటువంటి మాటే, భాష ఏదైతేనేమి. వేదిక నుండి జారుకొన్నవానిని ‘చికెన్ అవుట్’ అనండి, అభ్యంతరం లేదు. చెరువుగట్టు మీద ఆగిపోయినవానికి మాత్రం, భయాన్ని అంటగట్టని ‘బ్యాక్ అవుట్’ అన్న మాట ఆంగ్లంలోనే ఉన్నది.