కుక్కకు షాకు బెల్టు – ఇంట్లోవాళ్ళకు కాటు

ప్రశ్న: మా పెంపుడు కుక్కకు రెండేళ్ళు. గేటు ముందు ఎవరు నడిచినా మొరిగి మీద పడబోతుంది. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో రిమోటు బెల్టు తెప్పించాడు. బటను నొక్కితే మెడకు షాకు తగిలి ఊరుకుంటుంది. వారం రోజులు బాగానే ఉంది. మొన్న పక్కింటి పాప గేటు దగ్గరకు వస్తే మొరిగింది. అబ్బాయి బటను నొక్కగానే వెనక్కు తిరిగి వాడి చెయ్యే కరిచింది. రక్తం వచ్చింది. కుక్కకు పిచ్చెక్కిందా? దానికి టీకా వేయించాం కాబట్టి అబ్బాయికి ఇంజక్షన్లు అక్కరలేదని మావారంటున్నారు.
– ఒక గృహిణి, వనపర్తి

జవాబు: ముందు అబ్బాయి సంగతి చూద్దాం. ఈ జవాబు అచ్చయ్యేదాకా మీరు ఆగలేదనే అనుకుంటాను. ఆగి ఉంటే ఇవాళే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆలస్యమైపోయిందని మానకూడదు. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కాఫీపొడి, కారం ఏవీ పెట్టకూడదు. రక్తం వచ్చింది కనుక రేబీస్ టీకాతోపాటు గాయంలోనూ చుట్టూ ఇచ్చే సీరం కూడా కావాలి. టీకాను మొదటి రోజును సున్నాగా లెక్కించి, 3, 7, 28 రోజుల్లో భుజాల దగ్గర చర్మంలో ఇస్తారు. బొడ్డు చుట్టూ 14 సూదులనే భయం ఇంకా కొందరిని వదలలేదు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. మీ కుక్కకు టీకా వేయించడం మంచి పనే. కానీ ఆ ధైర్యంతో మనిషికి వైద్యం మానరాదు. కుక్కను పది రోజులు కట్టి ఉంచి గమనించండి. అది తిండి తింటూ ఆరోగ్యంగా ఉంటే, మిగిలిన మోతాదుల సంగతి మీ డాక్టరు చెబుతారు. ధనుర్వాతం ఇంజక్షను గురించి కూడా అప్పుడే అడగండి.

ఇక కుక్క సంగతి. పశువైద్యం నా శాఖ కాదు. కానీ కుక్క కరిచినవాళ్ళు వచ్చేది మా దగ్గరకే కనుక, అది ఎందుకు కరుస్తుందో మేమూ తెలుసుకోక తప్పదు. మీరు రాసినదాన్నిబట్టి దానికి పిచ్చెక్కినట్టు లేదు. నొప్పి పుట్టిన క్షణంలో తన ముందు ఏది ఉందో దానికే ఆ నొప్పిని అంటగట్టడం కుక్క స్వభావం. "మొరిగాను కాబట్టి షాకు తగిలింది" అని అది ఆలోచించదు. "ఆ పాప వచ్చింది, మెడ చురుక్కుమంది" అనుకుంటుంది. అలా నాలుగుసార్లు జరిగితే ఆ పాపంటేనే దానికి పగ. నొప్పి తట్టుకోలేక పక్కన ఎవరుంటే వాళ్ళను పట్టేయడం కూడా ఉంది. మీ అబ్బాయికి జరిగింది అదే.

మొరిగే కుక్క కరవదంటారు. మొరగకుండా నోరు నొక్కిన కుక్క మాట వేరు. మొరగడం, గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని షాకుతో మాన్పిస్తే, కోపం లోపల అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. కనుక మీదపడే కుక్కకూ, బెదురు కుక్కకూ ఈ బెల్టు పనికిరాదు. మీరు వెంటనే తీసేయండి. గేటుకు దూరంగా గొలుసుతో పట్టుకుని, మనిషి కనిపించినా ఊరుకున్నప్పుడల్లా ఒక రొట్టెముక్క పెట్టండి. రోజులు పడుతుంది, ఓపిక కావాలి. కొత్తవాళ్ళను చూసి దాని తీరు మారేదాకా గేటుకు తాళం వేసి ఉంచండి.

ప్రశ్న: వేరుశనగ చేనుకు కాపలా కుక్క ఉంది. రోడ్డుమీదికి పోకుండా రిమోటు బెల్టు కట్టాను. రాత్రింబగళ్ళు మెడకే ఉంటుంది. ఇప్పుడు మెడకింద రెండు పుండ్లు పడి వాసన వస్తున్నాయి. కరెంటుకు కాలిందా?
– ఒక రైతు, గద్వాల

జవాబు: కాలింది కాదు, ఒత్తిడి పుండు అయివుంటుంది. మంచాన పడ్డ రోగికి నడుముకింద పడే పుండు లాంటిదే. బెల్టుకున్న రెండు లోహపు మొనలు ఒకేచోట గంటల తరబడి నొక్కుకుంటే అక్కడికి రక్తం ఆడదు, చర్మం చచ్చిపోతుంది. మన ఎండలకు చెమ్మా మట్టీ తోడైతే, ఈగలు వాలి పురుగులు పడతాయి. బెల్టు విప్పి పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. తీసుకుపోలేకపోతే 1962కు ఫోను చేయండి. కిరోసిను, ఫినాయిలు పోయకండి. మన నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి, విషమవుతాయి. పుండు తాకిన చేతులు సబ్బుతో కడుక్కోండి. నొప్పితో ఉన్న కుక్క మీనైనా కరుస్తుంది, మూతికి గుడ్డ కట్టి పట్టుకోండి.

పుండు పూర్తిగా మానాక కూడా, నన్నడిగితే కంచే మేలు. వేల్స్ దేశంలో ఈ షాకు బెల్టులను 2010లోనే నిషేధించారు. మన దగ్గర కూడా జంతువును అనవసరంగా బాధపెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. కట్టక తప్పదంటే షాకు కాకుండా శబ్దం, అదురు మాత్రమే వాడండి. అదీ కుక్కకు ముందే నేర్పిన "రా" అన్న మాటకు తోడుగానే. బెల్టుకింద ఒక వేలు దూరాలి. రోజుకు కొద్ది గంటలకు మించరాదు, రాత్రి విప్పాలి, మెడ రోజూ చూడాలి. గొలుసును ఆ బెల్టుకు తగిలించకూడదు. మెడకు ఉండగా చార్జింగు పెట్టకూడదు. ఆరు నెలల లోపు పిల్లలకూ, చూడి కుక్కకూ అసలు వద్దు.

ప్రశ్న: మా ఆరేళ్ళ మనవడు ఆటలో కుక్క బెల్టు తన మెడకు పెట్టుకున్నాడు. వాళ్ళన్న బటను నొక్కాడు. కెవ్వుమన్నాడు. ఇప్పుడు ఆడుకుంటున్నాడు. ఏమన్నా అవుతుందా?
– ఒక తాతగారు, నాగర్‌కర్నూల్

జవాబు: స్పృహ తప్పకుండా, గుండెదడ, ఆయాసం లేకుండా ఆడుకుంటున్నాడంటే గాభరా పడనక్కరలేదు. మెడమీద ఎర్రగా కందినా, మింగడానికి ఇబ్బంది పడినా డాక్టరుకు చూపించండి. గుండె వేగాన్ని, రక్తపోటును అదుపుచేసే నరాలు మెడలోనే ఉన్నాయి కనుక మనుషుల మెడమీద దీన్ని సరదాకైనా పరీక్షించకూడదు. ఇంట్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకరు పెట్టి ఉంటే, వాళ్ళు ఆ బెల్టును పట్టుకోకపోవడం మంచిది. రిమోటునూ బెల్టునూ టీవీ రిమోటు పక్కన పడేయకుండా బీరువాలో పెట్టి తాళం వేయండి.