ఒత్తిడి పెద్దసార్లకేనా?

ఉద్యోగ ఒత్తిడిపై మీరు వేసిన వ్యాసం పదవి పెరిగేకొద్దీ గుండెకు ముప్పని, ధ్యానమే మందని తేల్చేసింది. రెండూ నిలిచే మాటలు కావు.

లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం సుమారు 18 వేల మంది ప్రభుత్వోద్యోగులను పరిశీలించింది. గుండెజబ్బు మరణాలు పై అధికారుల్లో కన్నా అట్టడుగు హోదాల వాళ్లలోనే చాలా ఎక్కువ. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో అధ్యయనం, చేసే పని మీద ఉద్యోగికి అదుపు లేకపోవడాన్ని ఆ తేడాకు ఒక ముఖ్య కారణంగా చూపింది. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఎవరినడిగినా ఇదే చెబుతారు. సర్వర్ పడిపోతుంది, వరస పెరుగుతుంది, తిట్లు మనకు. టీకి లేవాలన్నా మేనేజరు కేసి చూడాలి.

ఇక ధ్యానం సంగతి. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46 వేల పైచిలుకు ఉద్యోగుల సర్వే సమాధానాలను పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ పరిశీలించి 2024లో ప్రచురించారు. ధ్యానం వంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొననివారి కన్నా మెరుగ్గా ఏమీ లేరు. యోగా చెడ్డదని కాదు, నేనూ చేస్తాను. ఇద్దరి పని ఒకరి నెత్తిన పెట్టి ప్రాణాయామం చేయమంటేనే ఒళ్లు మండుతుంది.

ఈసారి గుమస్తాలనూ అటెండర్లనూ కూడా అడిగి రాయించండి.

– ఒక విశ్రాంత బ్యాంకు గుమస్తా, తెనాలి